కింది కోతలు

మా యంత్రంలో నెత్తురు తెల్లగా ఉంటుంది.
పదకొండేళ్లుగా చూస్తున్నా,
బరంపురంలో, రాత్రి డ్యూటీలో, ఏసీ చలికి శాలువా కప్పుకుని.
ఇంకా అలవాటు కాలేదు.

మోహన అవతలి కొండల నుంచి
జీడిపిక్కల లారీలో తెచ్చారు వాణ్ని.
బెన్యామీను రైకా, పంతొమ్మిదేళ్లు.
తొమ్మిది రోజుల తలనొప్పి, మధ్యాహ్నం మూర్ఛ,
అప్పట్నుంచి కుడి చెయ్యి వాడిది కాదు.
చీటీ మీద ఒకరు రాశారు: మెదడులో రక్తస్రావం.
దాని కింద ఇంకో చేతిరాత: కంతి? చీముగడ్డ?
రెండు ప్రశ్నార్థకాలూ ఒకదాని మీదొకటి ఒరిగి.

తెర మీద, ఎడమ కణత లోపల
నల్లటి గుంట, చుట్టూ సన్నటి ఉంగరం,
ఉంగరం ఒక పక్క తెగి
లోపలికి ఒలికిన తెలుపు.

"కంతే. నెత్తురు కక్కింది," అన్నాడు చిన్న డాక్టరు,
ఆవులిస్తూ. తప్పు పట్టను,
అతనికది ముప్పై ఆరో గంట.
కంతి అయితే కటక్ పంపాలి.
వరండాలో కూచున్న తల్లికి
కటక్ ఎంత దూరమో చంద్రుడూ అంతే.

పాఢీ గారు వచ్చారు. ఇంకో యంత్రంలో పెట్టించారు.
అందులో చీము మెరుస్తుంది.
నిలవున్న నెత్తురూ మెరుస్తుంది.
దొంగా సాక్షీ ఒకే చొక్కా తొడుక్కుని వచ్చినట్టు.
"నడుములో సూది మాత్రం పొడవకండి,
లోపలి ఒత్తిడికి మెదడు కిందికి జారుతుంది."
అంతవరకే అన్నారు. ఆ తర్వాత
ఫ్యాను లేని ఆ గదిలో అందరం పైకి చూశాం.

వాడి తల సర్దుతుంటే తువ్వాలు మీద మరక,
పసుపూ కాదు పచ్చా కాదు.
నాకా వాసన తెలుసు.
పర్లాకిమిడిలో, మా వీధి చివర
కొమ్ములతో కొంగల్ని చెక్కే ముసలాయన
కొమ్ములు నానేసే తొట్టి వాసన.

తల్లిని అడిగాను. అంతకుముందు ఒడియాలో
అడిగినవాటన్నిటికీ తలూపిందట, భయంతో.
ఆమె తెలుగు సంతలో నేర్చిన తెలుగు,
పసుపు కొమ్ములు బేరమాడేంత.
"సెవా? కారతాది బాబూ.
పాలు తాగిన కాణ్ణించీ కారతాది.
కానుగ నూని ఏస్తన్నాం, దూది ఎడతన్నాం."

తెర దగ్గరికి పరుగెత్తి
కింది కోతలు తీశాను.
తెలుపుని చూసినవాళ్లమే అందరం,
అంత కిందికి ఎవరం దిగలేదు.
చెవి వెనక ఎముక తేనెతుట్టెలా ఉండాలి.
ఇది చెదపట్టిన దూలం.
పైకప్పులో ఆవగింజంత చిల్లు.

తెల్లారగట్ల తెరిచారు. నేను లేను,
ఝున్ను దీదీ చెప్పింది:
ముందు జీడిరసంలా నల్లటి గడ్డలు,
వెనకే చీము, గది తలుపులు తీయించిన వాసన,
గడ్డ గోడలో ఒక పిల్ల నరం
ఇంకా నెత్తురు చిమ్ముతూనే ఉందట.
దాన్ని కాల్చి మూశారు.
సీసాలో కొంత పరీక్షకి పంపారు.

ఆరు వారాల సెలైను.
ఎనిమిదో రోజు స్కానులో మళ్లీ ఓ తెల్ల చుక్క.
నేనెవరికీ ముందు చెప్పలేదు,
రెండుసార్లు నంబరు సరిచూసుకున్నాను.
పన్నెండో రోజుకి అది బూడిదరంగుకి తిరిగింది.
ఎముక శుభ్రం చేసే ఆపరేషను ఇంకా మిగిలే ఉంది.

వాడికి పేర్లు పోయాయి.
గ్లాసు చూపిస్తే కళ్లు తడుముకుంటాయి.
బడిలో నేర్చిన ఒడియా ఇంకా రాలేదు,
తల్లి సవర భాష ముందు వచ్చింది, ఒక్కో మాటే,
అడుగున నీరూరే చెలమలా.

ఒకరోజు నా చెవి పట్టుకు చూపించాను.
చాలాసేపు చూసి, అన్నాడు.
నేను తిరిగి అన్నాను, తప్పుగా.
వాడి ముఖంలో ఎడమ సగం నవ్వింది.

ఇప్పుడు బల్ల మీద తల ఆనించే ముందు
ప్రతివాళ్లనీ అడుగుతాను, మూడు భాషల్లో.
మూడోది నా నోట ఇంకా తిరగదు.